గంట తాడు

కండక్టరమ్మకు కుడికాలు ఒకచోట నిలవదు. బస్సులో టికెట్లు కొడుతున్నా, ఇంట్లో అన్నం తింటున్నా నేలను నొక్కుతూనే ఉంటుంది. మలుపు వచ్చిందంటే డ్రైవరుకన్నా ముందు ఆవిడ కాలే బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకుకు బస్సు ఆగదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రూటు ప్రయాణికులంతా ఏనాడో సీట్లలోంచి జారిపడేవాళ్ళు.

"అమ్మాయ్, బండి నేను ఆపుతాలే. నువ్వు నేలకి చిల్లు పెట్టకు," అంటాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ళ తరబడి ఒకే బండి మీద పనిచేయడమే.

బస్సు పైకప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక తాడు ఉంటుంది. దాన్ని లాగితే డ్రైవరు తల దగ్గర గంట మోగుతుంది. ఒకసారి లాగితే ఆపు, రెండుసార్లు లాగితే పోనివ్వు. అంత పెద్ద బండి తన చేతి లాగుడుకు కదులుతోందని కొత్తలో ఆవిడ మురిసిపోయేది. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. కదలమని చెప్పేది తను, కదిలించేది ఇంకొకరు. ఈ సంగతి ఒకసారి బుర్రలో పడ్డాక ఆవిడకు కుదురు లేకుండా పోయింది. డ్రైవరు సీటు కావాలి. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేదు. జీతం కాస్త ఎక్కువ, నిజమే. కానీ జీతం కోసం ఎవరూ పొయ్యి ముందు నిలబడి గరిటెతో గేర్లు మార్చరు.

"అమ్మా, కూర రివర్సులో వెళ్తోంది," అని కూతురు నవ్వేది.

"ఉన్న ఉద్యోగానికి ఏం రోగం వచ్చిందే?" అని అత్తగారు గొణిగేది. భర్తకు తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. ఆయన మాటలు తక్కువ మనిషి. "నేర్చుకుంటే నేర్చుకో, చేతులు విరగ్గొట్టుకోకు," అని ఊరుకున్నాడు.

ఆవిడ మొండిది. సెలవు రోజుల్లో డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి ముందు కారు నేర్చుకుంది. ఆ లైసెన్సు చేతికొచ్చాక లారీ ఎక్కింది. మొదట్లో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు వాచిపోయి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. పెద్ద బండి లైసెన్సు కూడా వచ్చింది. ఇక మిగిలింది డిపోవాళ్ళు పెట్టే పరీక్ష. కండక్టర్లు డ్రైవర్లుగా మారాలంటే దాంట్లో నెగ్గాలి. దానికి రెండుసార్లే అవకాశం. రెండోసారీ తప్పితే జన్మంతా తాడు లాగుతూ ఉండాల్సిందే.

మొదటిసారి పరీక్షలో బండిని నల్లేరు మీద నడిపినట్టు నడిపింది. వెనక్కి తీయడం, ఇరుకు సందులో తిప్పడం, ఎత్తు మీద ఆపి జారకుండా లేపడం, అన్నీ చేసింది. చివరగా ఒక స్టాపులో ఆపి మళ్ళీ బయల్దేరమన్నాడు పక్కన కూర్చున్న పరీక్షాధికారి. గీత గీసినట్టు ఆపింది. బండి ఆగింది. ఆగే ఉంది.

"ఏమ్మా, ఇంజనేమైనా ఆగిపోయిందా?"

"లేదండీ."

"మరి దేనికోసం చూస్తున్నావు?"

అప్పుడు గాని ఆవిడకు తెలియలేదు తను దేనికోసం చూస్తోందో. ఖాళీ బస్సు. వెనక కండక్టరు లేడు, తాడు ఊరికే వేలాడుతోంది. ఆవిడ మాత్రం గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆ మాట పైకి చెప్పలేకపోయింది. బయల్దేరడానికి జంకుతోందని ఆయన రాసుకున్నాడు. పరీక్ష పోయింది.

తర్వాత తోటి కండక్టరొకామెతో చెప్పుకుంటే, సంగతి డిపో అంతా పొక్కింది. ఆవిడకు గంటమ్మ అని పేరు పడింది. టీ తాగి బెంచీ మీంచి లేవబోతే చాలు, మెకానిక్కులు పానాతో ఇనపరాడ్డు మీద రెండుసార్లు కొట్టేవాళ్ళు, "ఇప్పుడు లేవచ్చమ్మా" అన్నట్టు. ఆవిడా వాళ్ళతో పాటే నవ్వేది. ఇంటికి వచ్చాక మాత్రం తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చునేది. చిన్నతనంగా ఉండేది. అంతకన్నా భయంగా ఉండేది, ఎందుకంటే ఆ అలవాటు ఒక్క బస్సులోనే లేదని ఆవిడకు అర్థమవుతూ వచ్చింది. చెప్పులు వేసుకుని కూడా అత్తగారు "వెళ్ళిరా" అనేదాకా గుమ్మంలో నిలబడేది. కొత్త కుక్కరు కొనడానికి భర్త ఊ కొట్టేదాకా ఆగేది. ఇన్నాళ్ళూ దాన్ని మర్యాద అనుకుంది. ఇప్పుడు ఏది మర్యాదో, ఏది పిరికితనమో తేలక రాత్రిళ్ళు పక్కమీద దొర్లేది.

ఒకరోజు ఆఖరి స్టాపులో బండి ఖాళీ అయ్యాక బాబాయ్‌ని అడిగేసింది. "గంట మోగకపోతే నా కాలు లేవడం లేదు బాబాయ్. ఏం చేయమంటావు?"

"మోగేదాకా నేనూ కదలనుగా. అందులో తప్పేముంది?" అన్నాడాయన స్టీరింగు తుడుస్తూ. "కాకపోతే, మోగాక అద్దంలో ఒకసారి చూస్తాను. అప్పుడు తీస్తాను."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అంటే ఇన్నేళ్ళూ నా గంట మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉందమ్మాయ్. ఎక్కేవాడి కాలి మీద లేదు. నువ్వు గంట కొట్టాక కూడా ఎవడో ఒకడు పరిగెత్తుకొస్తాడు."

ఆ మాట ఆవిడకు కొన్నాళ్ళు ముల్లులా గుచ్చుకుంది. తను లాగిన ప్రతి గంటకూ వెనకాల ఇంకో చూపు ఉందన్నమాట. తన గంటతోనే బండి నడుస్తోందనుకుని మురిసిపోయిన తను ఎంత వెర్రిదో. కోపం చల్లారాక, ముందు నిలబడినప్పుడల్లా గమనించడం మొదలుపెట్టింది. నిజమే, తను తాడు వదిలాక బాబాయ్ తల కొంచెం పక్కకు తిరిగేది. ఆ తర్వాతే బండి కదిలేది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అది తన కంట పడలేదు.

రెండోసారి పరీక్షకు అదే అధికారి వచ్చాడు. ఈసారి బస్సు ఖాళీగా లేదు. డిపోలో తీరికగా ఉన్నవాళ్ళని ప్రయాణికుల్లా ఎక్కించారు, కొందరిని స్టాపుల్లో నిలబెట్టారు. పరీక్షాధికారి వెనక తలుపు దగ్గర నిలబడి తాడు పట్టుకున్నాడు.

"ఈసారి నీకు ఇబ్బంది లేకుండా గంట నేనే కొడతాను," అన్నాడు. సీట్లలో ఉన్నవాళ్ళు కిటికీల వైపు తిరిగి నవ్వు ఆపుకున్నారు. ఆవిడకు చెవులు మండాయి. ఇది ఆఖరిది. ఇవాళ పోతే ఇక లేదు.

మొదటి స్టాపు, గంట, బయల్దేరింది. రెండో స్టాపు, గంట, బయల్దేరింది. ప్రాణం కాస్త తెరిపిన పడింది. మూడో స్టాపులో ఆపిందో లేదో గంట రెండుసార్లు మోగింది. ఆవిడ కాలు దానంతటదే బ్రేకు మీంచి లేవబోయింది. ఆలోపు కళ్ళు అద్దంలోకి వెళ్ళాయి. డిపో కాపలాదారు, ముసలాయన, చేతిలో సంచి. ఒక కాలు మెట్టు మీద, ఇంకోటి రోడ్డు మీద.

కాలు బ్రేకు మీదే నొక్కి పెట్టింది.

గంట మళ్ళీ రెండుసార్లు మోగింది, ఈసారి గట్టిగా. బస్సులో నవ్వులు ఆగిపోయాయి. మళ్ళీ బిగుసుకుపోయింది పాపం, అనుకుని ఉంటారు.

"ఏమ్మా, వినపడలేదా?" అని వెనకనుంచి అరిచాడు పరీక్షాధికారి.

"వినపడిందండీ."

"మరి కదలవేం?"

"ఆయన ఇంకా ఎక్కలేదండీ."

"గంట కొట్టింది నేను కదా."

"అవునండీ. నడిపేది నేను కదండీ."

పరీక్షాధికారి తాడు వదిలేసి, పక్కన ఖాళీగా ఉన్న సీట్లో అందరిలాగే కూలబడ్డాడు.

"సరే, నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే పోనీ," అన్నాడు.

ముసలాయన రెండో కాలు పైకి పెట్టి కమ్మీ పట్టుకున్నాడు. ఆవిడ అద్దంలో ఇంకోసారి చూసుకుని బండి కదిలించింది. తిరిగి డిపో గేటు దాటేదాకా ఆ తాడును ఎవరూ ముట్టుకోలేదు.