చెరిపించిన దండకడియం

మొన్న మాఘంలో మా మనవరాలి పెళ్ళికి పది రోజుల ముందు అక్క ఫోను చేసి, మామ్మ దండకడియం మెరుగు పెట్టించాలి, నీ దగ్గరున్న రెండోది కూడా పట్టుకుని రాజాం రమ్మంటే, నాది బ్యాంకు లాకర్లో ఉందని, తాళం కొడుకు దగ్గరుందని నోటికొచ్చిన అబద్ధం చెప్పి ఉత్త చేతులతో బస్సెక్కాను. బంగారం కొట్లో అక్క పొందూరు ఖద్దరు గుడ్డ మడత విప్పి తన కడియాన్ని అద్దాల బల్ల మీద పెట్టింది. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, భూతద్దం తెప్పించుకుని చూసి, లోపలున్న కొడుకుని కూడా పిలిచి చూపించి, అప్పుడు అమ్మితే ఇంతొస్తుందని ఒక అంకె చెప్పాడు. అది విని అక్క ఊఁ అని ఊరుకుంది గాని నా కడుపు భగ్గుమంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, పళ్ళు కట్టించుకున్నాను, నా కుళ్ళు మాత్రం ఇంకా పడుచుగానే ఉంది. మీరూ నా ఈడు వాళ్ళే కనుక దాచకుండా చెబుతున్నాను.

మామ్మంటే మా నాన్నగారి తల్లి. గోగునార మంచి ధర పలికిన ఏడు తాతయ్య ముచ్చటపడి ఆవిడకి ఆ జత చేయించాడట. రెండు కొసలా చిలక మొహాలు, మధ్యనంతా సన్నటి తీగపని. పొలం వెళ్ళినా పిడకలు చేసినా అవి ఆవిడ దండచేతుల మీద ఉండవలసిందే. ముసలితనంలో కండ కరిగి మోచేతుల దాకా జారిపోతుంటే, నేనూ అక్కా చెరో పక్కన కూర్చుని వాటిని పైకి తోస్తూ ఆడుకునేవాళ్ళం. కోడళ్ళకి తక్కిన నగలన్నీ పంచేసి, మంచం పట్టాక ఓ రోజు మా ఇద్దరినీ పిలిచి చెరొకటి చేతిలో పెట్టింది. జత విడదీస్తే ఒంటిది ఎవరు పెట్టుకుంటారని అమ్మ గొణిగినా, ఇద్దరిలో ఎవరికీ తక్కువ చెయ్యనని మామ్మ పట్టుబట్టింది. నాకు మాత్రం ముందు అక్క చేతిలో పెట్టిందన్నదే గుర్తుండిపోయింది.

అక్క మీద నాకు ఏడుపు ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. దాని జడ నా జడకంటే జానెడు పొడుగు. కొత్త పరికిణీ ముందు దానికి, అది పొట్టయ్యాక నాకు. పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళాకైనా తగ్గవలసిందే గాని, ఓ శివరాత్రికి రామతీర్థం జాతరలో అక్క మెడలో బావ చేయించిన రెండుపేటల గొలుసు కనిపించింది. ఆవేళ దేవుణ్ణి సరిగ్గా చూశానో లేదో తెలియదు గాని ఆ గొలుసులో ప్రతి గుండూ ఇప్పటికీ చెప్పగలను.

నెల తిరక్కుండా కంసాలిని ఇంటికి పిలిపించి, కడియం చెరిపించి అటువంటి గొలుసే చెయ్యమన్నాను. పాత బంగారం కళ్ళముందే కరగాలని మన ఆడవాళ్ళకి పట్టుదల కదా, కుంపటి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. ఈ పని మళ్ళీ చేసేవాళ్ళు లేరమ్మా, ఉంచుకోండి అని పాపం రెండుసార్లు చెప్పి చూశాడు, నేను వింటేనా. సెగ తగలగానే కడియం కడుపులోంచి నల్లటి లక్క కారడం మొదలుపెట్టింది, కారుతూనే ఉంది. చివరికి మూసలో మిగిలిన బంగారం సన్నటి ఒంటిపేట గొలుసుకి కూడా బొటాబొటీ. పాత నగల్లో లక్క పోస్తారని తెలియనిదాన్ని కాదు, అయినా నా బుర్ర ఎటు పోయిందంటే, మామ్మ గట్టిది చూసి అక్కకిచ్చి డొల్లది నాకు అంటగట్టిందని తేల్చేసుకున్నాను. అడుగుదామంటే మామ్మ అప్పటికే లేదు.

అక్కతో మాటలు మానలేదు, అలా మానేస్తే నలుగురూ ఎందుకని అడుగుతారు. వాళ్ళింటికి వెళ్తే రెండో పూటకే బయల్దేరేదాన్ని, ఆవకాయ పంపితే ఉప్పెక్కువైందని కబురు చేసేదాన్ని. బావ పోయినప్పుడు పక్కనుండవలసినదాన్ని, మూడోనాడే ఏదో వంక పెట్టి వచ్చేశాను, అదొక్కటి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీ కడియం జాగ్రత్తగా ఉందా అని అది ఎప్పుడడిగినా, ఉండక ఎక్కడికి పోతుంది అనేదాన్ని.

ఇన్నేళ్ళ తరవాత ఆ కొట్టాయన తీరిగ్గా చెబుతున్నాడు, ఇందులో బంగారం ఏమంత లేదమ్మా, కడుపంతా లక్కే, విలువంతా పనితనానిది, జత ఉంటే దీనికి మూడింతలు పలుకుతుంది అని. కడుపంతా లక్కే అన్న మాట వినగానే నాకు ఆనాటి కంసాలి కుంపటి గుర్తొచ్చింది. రెండూ ఒక్కలాంటివే అన్నమాట. జత ఏదమ్మా అని ఆయన అడిగితే అక్క నన్ను చూపించి, "మా సెల్లి కాడ ఉన్నాది. దాని మనవరాలికి నాదీ ఇచ్చేస్తే జత కలుస్తాది, ఒక్కటీ ఎట్టుకుని నానేటి సేసుకుంటాను" అంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్నప్పుడు చెప్పేశాను. చెరిపించానని, ఎందుకు చెరిపించానో, ఇన్నాళ్ళూ మామ్మనీ తననీ ఏమనుకున్నానో, ఏదీ మిగల్చకుండా చెప్పేశాను. తిడుతుందని, తిడితే నేనూ ఓ నాలుగు అనేసి తేలిక పడొచ్చని లోపల ఆశ కూడా ఉంది. అక్క "ఒసే పిచ్చిదానా, అప్పుడే సెప్తే నాదిచ్చేద్దును కదే" అని, ఖద్దరు మడత నా సంచిలో పెట్టి జిప్పు లాగేసింది.

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు, మిషను మీద పెడితే ఏ నగలో ఎంతుందో నిమిషంలో కాగితం చేతికొస్తుంది. మనం అరచేతిలో ఎత్తి చూసి, పక్కవాళ్ళదే బరువనుకుని, ఆ అనుకున్నదాని మీదే సగం బతుకు వెళ్ళదీశాం. పెళ్ళిలో మనవరాలి దండచేతికి ఒంటి కడియం చూసి అందరూ ఎవరిదని అడుగుతుంటే, అక్క ఓ మూల కుర్చీలో కూర్చుని, పెళ్ళికూతురి మామ్మదే అని నన్ను చూపించింది. దణ్ణం పెట్టుకోవలసిన చోట నాకు మళ్ళీ కడుపు రగిలింది. బంగారం మీద పడ్డ ఏడుపు ఏదో ఒకనాటికి చల్లారుతుంది గాని, ఇంత మంచితనం కూడా దానికే రావాలా అన్న ఈ కొత్త కుళ్ళు మాత్రం నాతోనే పోయేలా ఉంది.