ఉదయగిరిలో ఎర్ర లైట్లు, ఆత్మకూరులో పాత తేదీ

దసరా వెళ్ళిన మర్నాడు, ఉదయగిరిలోని ఒక చిన్న ఆసుపత్రిలో వైఫై పనిచేయడం లేదని కబురొచ్చింది. మరుసటి రోజు పదకొండు గంటలకు నెల్లూరు గుండె డాక్టరుగారు అక్కడి రోగులను ట్యాబ్‌లో చూడాలి. వారానికి ఒక్కసారే చూస్తారు. నెట్‌వర్క్ పని నాది కాబట్టి, ఆ ఉదయం ఆరింటికి నెల్లూరులో బస్సెక్కాను. టికెట్టు రెండొందల లోపే. సంగం దాటేదాకా పచ్చని వరిమళ్ళు, ఆత్మకూరులో వేడి టీ, ఆ తర్వాత మెట్టపొలాలు. తొమ్మిది దాటాక ఉదయగిరిలో దిగాను.

ఆసుపత్రి వరండాలో సీతారామపురం నుంచి వచ్చిన లక్ష్మమ్మ అవ్వ కూర్చుని ఉంది. గొర్రెలు కాసే మనిషి. కొత్త బిళ్ళలు వేసుకున్నప్పటి నుంచి కళ్ళు తిరుగుతున్నాయట.

"పోయిన వారం దసరా సెలవలని డాక్టరు కనపడలా నాయనా. ఇయ్యాల గూడా కనపడకపోతే ఈ బిళ్ళలు మింగాల్నా, మానాల్నా?" అని అడిగింది.

పైకప్పుకున్న మూడు వైఫై పెట్టెల్లోనూ ఎర్ర లైట్లు. వాటికి సొంత తెలివి ఉండదు. కరెంటు రాగానే, ఇదే ఆసుపత్రి ఆత్మకూరు శాఖలో వీటిని నడిపించే పెట్టె అయిన కంట్రోలర్‌ను వెతుక్కోవాలి, గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ ఒకదానిది ఒకటి చూసుకోవాలి, సెట్టింగులు తెచ్చుకోవాలి. అప్పుడే సిగ్నల్ ఇస్తాయి. కంట్రోలర్ పలుకుతోంది గానీ వీటిని చేర్చుకోవడం లేదు. వైర్లు మార్చాను, నిచ్చెన ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. పదిన్నరయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆత్మకూరు శాఖలో అటెండరు రమణమ్మకు ఫోన్ చేసి, "ఆ పెట్టెను ఎవరు ముట్టుకున్నారు? ఇక్కడ ఒక అవ్వ డాక్టరు కోసం కాచుకుని ఉంది!" అని కసిరాను.

"నేనే సార్. ఆయుధపూజ గదా, ముట్టుకోకుండా ఎట్టా? రెండు దినాలు ఆపి పెట్టి, తుడిచి బొట్టు పెట్టినాను. మళ్ళా ఆన్ చేసినాను. లైట్లన్నీ బాగానే ఉండాయే!"

నాకు అప్పుడు తట్టింది. ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి కంట్రోలర్‌లోకి వెళ్ళి చూస్తే, ఎన్నో ఏళ్ళ కిందటి తేదీ చూపిస్తోంది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు లేని ఆ రెండు రోజుల్లో గడియారం వెనక్కి పోయింది. ఆ తేదీ నాటికి మా పెట్టెల సర్టిఫికెట్లు పుట్టనే లేదు, ఇక ఎలా నమ్ముతుంది? తేదీ సరిచేశాను. కాసేపటికి మూడు లైట్లూ పచ్చబడ్డాయి.

సరిగ్గా పదకొండుకు అవ్వ ట్యాబ్ ముందు కూర్చుంది. డాక్టరుగారు ఆమె చెప్పింది విని, కొత్త బిళ్ళ ఈ పూట నుంచే ఆపేయమన్నారు. ఇంకో వారం మింగి ఉంటే ప్రమాదమయ్యేదన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆత్మకూరులో దిగి, రమణమ్మకు క్షమాపణ చెప్పాను. "అవ్వకు డాక్టరు కనపడినాడా సార్?" అని మాత్రం అడిగిందామె. ఇన్నేళ్ళ ఉద్యోగంలో "నేనే" అని అంత సూటిగా ఒప్పుకున్నవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. ఆమె మేలు మరచిపోలేను. మీరూ ఇలాంటి పనిమీద ఇటు వస్తే, నిచ్చెన ఎక్కకముందే కంట్రోలర్‌లో తేదీ చూడండి, అక్కడి మనిషిని మెల్లగా అడగండి. ఆ రోజు నా కసురుకు రమణమ్మ బెదిరి "నాకేం తెల్దు" అని ఉంటే, అవ్వ ఆ బిళ్ళలు మింగుతూనే ఉండేది.