కాక కడుపు మీది చెంబు

ఆ రోజుల్లో మాకు కడుపు అనేది ఒకటుందని ఆకలి వేసినప్పుడు తప్ప గుర్తుండేది కాదు. రాళ్లు తిని అరిగించుకునే వయసు. ఎంత పోసినా పట్టేది, ఏం పోసినా కిక్కురుమనేది కాదు. మర్నాడు పొద్దున చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకొని పనికి పోతుంటే, ముందురోజు తాగిందంతా ఎవరో వేరేవాళ్లు తాగినట్టే ఉండేది. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాక సంగతి వేరు. ఒక్క గ్లాసు లోపలికి పోతే చాలు, బొడ్డుకు కాస్త పైన ఎవరో పొయ్యిలోంచి నిప్పు తీసి పెట్టినట్టు మంట మొదలవుతుంది. తర్వాత అది వీపు దాకా పాకుతుంది. ఈ నొప్పి నా ఒంటికి కొత్తే కానీ నా కళ్లకు కొత్త కాదు. దీన్ని నేను ఒకప్పుడు వేరే మనిషి ముఖంలో చూశాను. చూసి నవ్వాను. అంతటితో ఆగక ఆ ముచ్చటను పెళ్లిళ్లలో, దావతుల్లో చెప్పి మా చుట్టాలందరినీ నవ్వించాను. నేను చెప్పిన ఆ కథలో చెంబు ఒక్కటే నిజం. మిగతాది ఇక్కడ సరిచేస్తున్నాను.

మా కాక (నాన్నకు తమ్ముడు) సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. చదువు అబ్బక మా ఊరు కొడిమ్యాలలో గాలికి తిరుగుతున్న నన్ను తన వెంట తీసుకుపోయి, ఆ చెవులు పగిలే చప్పుడు మధ్య నిలబెట్టి, తెగిన పోగును పట్టుకొని ముడివేయడం నేర్పింది ఆయనే. నా వేళ్లు మొద్దువి. పోగు దొరికేది కాదు. కాక ఒక్కనాడూ విసుక్కోలేదు. "పోగు తెగుడు దాని గుణం, అతుకుడు మన గుణం" అనేవాడు. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా పని నేర్చినవాడు మొదటి జీతం అందుకోగానే అందరికీ దావత్ ఇవ్వాలి. ఆ దావత్‌లో మొదటి గ్లాసు పని నేర్పిన ఉస్తాద్‌ది. ఉస్తాద్ ముట్టనిదే ఇంకెవరూ ముట్టకూడదు. నా ఉస్తాద్ మా కాక. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే, అంతకు కొన్ని నెలల ముందే కాకకు కడుపునొప్పి మొదలైంది. తాగిన ప్రతిసారీ గోడకు ఆనుకొని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కూర్చునేవాడట. చూసి చూసి కాక భార్య, మా చిన్నమ్మ, ఒకరోజు ఆయన చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టించుకొని, ఇక తాగనని ఒట్టు వేయించింది. నెత్తి మీద ఒట్టు తప్పితే చెడు తగిలేది వేసినవాడికి కాదు, ఆ నెత్తి ఎవరిదో వాళ్లకు. ఈ సంగతి షెడ్డులో అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేను. ఆ ఇంట్లో తింటూ, ఆ ఇంట్లో పడుకుంటున్నది నేనే కదా.

దావత్ నాడు షెడ్డు వెనక రేకుల కింద చాపలు పరిచాం. మటన్ ఉడికింది. నేను కొత్త చొక్కా వేసుకొని, పెళ్లికొడుకు లెక్క ఠీవిగా మొదటి గ్లాసు నింపి కాక ముందు పెట్టాను.

"నేను సోడ తాగుత. మీరు కానియ్యుండ్రి" అన్నాడు కాక.

నా పక్క సాంచె నడిపే దోస్తు ఒకడుండేవాడు. మరీ సన్నగా ఉండటంతో వాణ్ని అందరం కండె అనేవాళ్లం (కండె అంటే నూలు చుట్టే పుల్ల). వాడు నోరు ఊరుకోలేక, "సోడ తాగితె అది దావతా, దవాఖానా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరి గ్లాసులూ నిండి ఉన్నాయి, ఎవరూ ఎత్తడానికి లేదు. మటన్ చల్లారుతోంది.

"వద్దు బిడ్డా, మీ చిన్నమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టిన" అన్నాడు కాక, నాకు మాత్రమే వినపడేలా.

నేను అందరికీ వినపడేలా అన్నాను. "చిన్నమ్మ గోడ అవుతల నిలవడ్డదా కాక? నా మొదటి కష్టం. నా చేతి గ్లాసు నువ్వు ముట్టకుంటే రేపటి సంది నేను సాంచె మీద చెయ్యి పెట్ట."

కాక నా ముఖంలోకి చూశాడు. నేను పని మానేసి మళ్లీ ఊరి మీద పడతానని భయపడ్డాడో, అంతమంది ముందు నా మాట పోతుందని జాలిపడ్డాడో ఇప్పటికీ తెలియదు. కళ్లు మూసుకొని, పిల్లలు కషాయం మింగినట్టు ఒక్క గుక్కలో మింగి గ్లాసు బోర్లించాడు. ఒక్కటే గ్లాసు. నేను తర్వాత చెప్పిన కథలో అది ఒక సీసా అయింది, ఇంకో పెళ్లి నాటికి రెండు సీసాలయింది.

మేం ఇంకా మటన్ బొక్కలు కొరుకుతుండగానే కాక నుదుటి మీద చెమట పట్టింది. చాప మీదే పక్కకు ఒరిగి "అబ్బా" అన్నాడు. కండె వెంటనే వైద్యుడైపోయాడు. "గిది బొడ్డు జరుగుడే. మా అవ్వ చెంబు పెడ్తుండె. ఒక్క దెబ్బకు జాగల పడ్తది" అన్నాడు. చెంబు పెట్టడమంటే, బొడ్డు మీద చిన్న దీపం వెలిగించి దాని మీద చెంబు బోర్లించడం. దీపం ఆరిపోయి చెంబు కడుపును లోపలికి గుంజి పట్టుకుంటుంది. వాళ్ల అవ్వ పెట్టేది అరచేతిలో పట్టే చిన్న చెంబు. కండె తెచ్చింది షెడ్డులో మేమంతా నీళ్లు ముంచుకునే పెద్ద ఇత్తడి చెంబు.

చెంబు పట్టింది. ఎంత గట్టిగా పట్టిందంటే, ఇక వదలలేదు. కండె ఒక పక్క, నేను ఒక పక్క పట్టి గుంజాం.

"గుంజకుండ్రిరా, పానం పోతది" అని మూలిగాడు కాక.

"నేనేం జేద్దు కాక, చెంబును లేపితె నువ్వు గూడ లేస్తున్నవు" అన్నాడు కండె.

నూనె రాశాం. సబ్బు రాశాం. జారిపోయేది మా చేతులే కానీ చెంబు కాదు. చివరికి చెంబు మీద తువ్వాల కప్పి, కాకను చెరో రెక్క పట్టి ఇంటికి నడిపించాం. పట్టపగలు, గల్లీ నిండా అరుగుల మీద కండెలు చుట్టే ఆడవాళ్లు. ఒకావిడ చూసి, "ఏందన్నా గా కడుపు, పొద్దుగాల లేకుండె?" అంది. కాక ముఖం పక్కకు తిప్పకుండానే, "షెడ్డు చెంబు ఇంటికి తీస్కపోతున్న" అన్నాడు. అంత నొప్పిలోనూ అలా అనగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. (నా కథలో ఈ మాట కూడా నేనన్నట్టే చెప్పుకున్నాను.)

ఇంట్లో చిన్నమ్మ తువ్వాల తీసి చూసింది. చెంబు అంచు దగ్గర బొటనవేలితో చర్మాన్ని కిందికి నొక్కింది. బుస్సుమని గాలి పోయి చెంబు దానంతట అదే పక్కకు దొర్లింది. కాక కడుపు మీద చెంబు మూతి అంత ఎర్రటి గుండ్రం మిగిలింది. చిన్నమ్మ వంగి ఆయన ముఖం దగ్గర ముఖం పెట్టింది. వాసన తగిలింది.

"ఎవలు తాపిండ్రు?" అని నన్నడిగింది.

కాక కూడా నావైపే చూశాడు. నిజం చెబితే నన్ను కొడిమ్యాల బస్సు ఎక్కిస్తుందనుకున్నాను. "ఎవలు తాపలే చిన్నమ్మా. కాకనే తాగిండు" అన్నాను.

చిన్నమ్మ భర్త వైపు తిరిగి, "ఇగ నా నెత్తి మీద చెయ్యి పెట్టకు" అంది, అంతే.

కాక ఆ తర్వాత చుక్క ముట్టలేదు. కానీ ఆయన మాటకు ఆ ఇంట్లో విలువ పోయింది. పండుగకు చీర తెస్తానన్నా, బిడ్డ పెళ్లికి ఫలానా చుట్టాన్ని పిలుస్తానన్నా చిన్నమ్మ జవాబు ఒకటే. "నీ ఒట్టు చెంబుల పోయింది." మా పిల్లలు ఆయన్ని చెంబు తాత అని పిలుస్తూ పెరిగారు. ఆ పేరు ఊరికే రాలేదు. నేను చెప్పిన కథ వల్ల వచ్చింది.

మొన్న వేసవిలో మా అక్క కొడుకు కొత్త నౌకరి దావత్ ఇచ్చాడు, సారంగాపూర్ దగ్గర ఒక మామిడితోటలో. నేనిప్పుడు జగిత్యాలలో బట్టల దుకాణంలో పనిచేస్తాను. సగం పూట సెలవు పెట్టి పోయాను. అప్పటికే కడుపు సతాయిస్తోంది. "వద్దురా అల్లుడా" అన్నాను. "నా చేతి గ్లాసు వద్దంటవా మామా?" అన్నాడు. తాగాను. కాసేపటికి తువ్వాల పరుచుకొని చెట్టు కింద ముడుచుకొని పడుకున్నాను.

"మామకు చెంబు తేండ్రి" అన్నాడు వాడు. తోటంతా నవ్వింది. నా కథే, నా మీదికే వచ్చింది. చెమట కళ్లలోకి కారుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆనాడు షెడ్డు వెనక అందరం నవ్వాం కానీ కాక నవ్వలేదు. ఇన్నేళ్లు కథ చెప్పి ఆ ఒక్కటీ గమనించలేదు.

జగిత్యాలలో డాక్టరు గొట్టం వేసి చూసి, "లోపల పుండైంది. వయసు మీద పడ్డంక కడుపు ఇదివరకటి లెక్క ఓర్వది. బంద్ పెట్టాలె" అన్నాడు.

"కొద్దిగ తాగితె సార్?"

"కొద్దిగ నొస్తది."

ఆ ఆదివారమే కోరుట్ల పోయాను. కాక, చిన్నమ్మ ఇప్పుడు అక్కడ బిడ్డ ఇంటి పక్కనే ఉంటున్నారు. చిన్నమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. కాక పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తున్నాడు. నేను చాయ తాగకముందే చెప్పేశాను. గ్లాసు నేనే పోశానని, పని మానేస్తానని బెదిరించానని, ఆ రోజు అబద్ధమాడానని.

చిన్నమ్మ చేతులు ఆగలేదు. "పోసెటోడు పోస్తడు. మింగినోడెవడు?" అంది.

"మింగిన. ఒక్కటే" అన్నాడు కాక, ఆకు మీంచి తల ఎత్తకుండా.

అప్పుడు ఆగాయి చేతులు. "ఒక్కటేనా? సీసలకు సీసలు తాగినవని అందరంటరు."

"అందరికి చెప్పింది వీడు. నేను నీకు గప్పుడే చెప్పిన, ఒక్కటే అని."

ఆమె నావైపు తిరిగింది. "గిన్నేండ్లు ఇంట్ల మనిషి మాట నమ్మలే. నీ మాట నమ్మిన" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత చాట పక్కన పెట్టి, నెత్తి మీది కొంగు తీసి తల ముందుకు వంచింది. "పెట్టు చెయ్యి. తాగనని."

నా చెయ్యి లేవలేదు. కాక కత్తెర ఆపి, "మంచిగ ఆలోచన చేస్కోరా. గా నెత్తి తేలికది కాదు" అన్నాడు. పెట్టాను. నెరిసిన జుట్టు, కొబ్బరినూనె జిడ్డు, కింద వెచ్చగా తల. తీసేశాక కూడా ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు గూడ పెట్టు" అంది భర్తతో.

"నేనెందుకు? నేను గప్పుడే బంద్ జేసిన గదా."

"ఎర్కనే. అయినా పెట్టు."

కాక చేతికంటిన ఆకు పొట్టు పంచెకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నేను లేచి నీళ్లు తాగే మిష మీద లోపలికి పోయాను.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. కుడి చెయ్యి దేనికీ తగలనియ్యలేదు. అల్లుడు ఫోన్ చేస్తే కమ్మీకి భుజం ఆనించి ఎడమ చేత్తోనే ఎత్తాను. వచ్చే ఆదివారం ఇంకో దావతట.

"వస్త. సోడ తాగుత" అన్నాను.

"సోడ తాగితె అది దావతా, దవాఖానా?" అన్నాడు వాడు, పకపకా నవ్వుతూ. కండెను వాడు ఎన్నడూ చూడలేదు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. ఫోను జేబులో వేసుకొని కిటికీ అద్దం వైపు చూశాను. జుట్టు నెరిసిన మనిషొకడు, నూనె అంటిన అరచెయ్యి నీళ్లు ఒలికిపోతాయేమో అన్నట్టు తెరిచి పట్టుకొని, తనలో తాను నవ్వుకుంటూ నిలబడి ఉన్నాడు.