తొందరపడిన అరిసెలు

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. "దీని కాళ్ళకింద నిప్పులున్నాయి" అనేది మా అమ్మ. అలాంటిదాన్ని తీసుకెళ్ళి చంటిపిల్లల మధ్య కూర్చోబెట్టి ఇదే నీ ఉద్యోగం అన్నారు. డెబ్బైల్లో, బెజవాడ ఆటోనగర్ వెనక ఇళ్ళ మధ్య ఒక మహిళామండలి నడిపే బాలవాడిలో నేను టీచర్ని. రేకుల షెడ్డు, రెండు చాపలు, ఒక పొడుగాటి బల్ల, గోడమీద బొమ్మల చార్టు, అంతే మా బడి. పక్కన లారీలకు బాడీలు కట్టే షెడ్లుండేవి. పొద్దున మొదలైన సుత్తిదెబ్బలు సాయంత్రానికి గాని ఆగేవి కావు. ఆ మోతలోనే నా పిల్లలు పాటలు పాడేవారు, ఆ మోతలోనే నిద్రపోయేవారు.

బిడ్డ ఏ నెలకు మెడ నిలపాలో, ఎప్పుడు బోర్లా పడాలో, ఎప్పుడు నిలబడి నడవాలో ఆ చార్టులో బొమ్మలుగా ఉండేది. ట్రైనింగులో మా చేత అదంతా వల్లె వేయించారు. కొత్తగా చేరే ప్రతి బిడ్డకూ ఆ నెలలు అడిగి తెలుసుకోమన్నారు. తీరా అడిగితే తల్లుల్లో ఒక్కరికీ నెలలు గుర్తుండేవి కావు. "ఎప్పుడు నడిచిందమ్మా?" అంటే, "ఆవకాయల రోజుల్లో అరిసెలు పంచామండీ" అనేవారు.

మావైపు అంతే కదా. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేసి వీధంతా పంచుతారు. గడప దాటితే గారెలు. అడుగులు వేస్తే అరిసెలు పరిచి, వాటిమీద బిడ్డ చేత అడుగు వేయించి, ఇంటింటికీ పంపుతారు. నెలలు మర్చిపోయినా పంచిన రోజు ఎవరూ మర్చిపోరు. అందుకని నేనూ నెలలు అడగడం మానేసి పిండివంటలు అడగడం మొదలుపెట్టాను. ఆవకాయలప్పుడా, ఎండాకాలం కాలవలు కట్టేశాకా, ఊడ్పులప్పుడా అని ఆరాతీసి, నెలలు నేనే లెక్కగట్టుకునేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని కూడా.

అప్పటికి నా కూతురికి ఏడాది నిండి కొన్నాళ్ళయింది. దాన్ని చంకనేసుకునే బాలవాడికి వెళ్ళేదాన్ని. చాపమీద దించితే పాక్కుంటూ బల్ల దగ్గరికి పోయేది, బల్ల పట్టుకుని లేచేది, ఒకవైపుకు ఒరిగి నిలబడేది, చతికిలబడేది. దానికన్నా వెనక పుట్టినవాళ్ళు వీధిలో పరుగులు తీస్తున్నారు. పెద్దపిల్లల నడక చూడటానికి నేను నేలమీద సుద్దతో గీత గీసి, దానిమీద నడవమనేదాన్ని. వాళ్ళు నడుస్తుంటే నా కళ్ళు మాత్రం బల్ల దగ్గరే ఉండేవి. ఎవరి నోటికో అన్నం అందించబోయి చెయ్యి గాలిలోనే ఆపేసేదాన్ని. చార్టులో నడుస్తున్న పిల్లవాడి బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా ఆయన లారీ షెడ్డులో పనిచేసేవారు. పాత బేరింగులు వేసి కూతురికి మూడు చక్రాల నడకబండి చేసుకొచ్చారు. అది ముట్టుకుంటే చాలు గోడదాకా పరిగెత్తేది. మా పాప దాన్ని తోసి, చతికిలబడి, చప్పట్లు కొట్టి నవ్వేది. పిల్లని చూసుకోవడానికి గన్నవరం అవతల పల్లెనుంచి మా అత్తగారు వచ్చారు. కాళ్ళు చాపుకుని, మనవరాలిని కాళ్ళమీద వేసుకుని, నూనె పట్టించి, కాళ్ళూ చేతులూ సాగదీసి స్నానం చేయించేవారు. "ఈ ఎడంకాలు మొండిదే అమ్మాయ్. కుడికాలు చెప్పినట్టు వింటుంది, ఇది వినదు. అచ్చం మావాడి బుద్ధే" అనేవారు. మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

వీధికి ఒకటే కుళాయి. అక్కడ నీళ్ళకన్నా మాటలే ఎక్కువ వచ్చేవి. "ఏం టీచరుగారూ, అరిసెలు ఎప్పుడు పెడతారు?" అనేది మా ఎదురింటావిడ. "వీధిలో పిల్లలందరి నడకలూ మీ దగ్గరున్నాయి గదా, మీ పాపది ఎక్కడ పెట్టారండీ?" అని మేలమాడేది. నవ్వి బిందె ఎత్తుకునేదాన్ని. ఇంటికొచ్చి ఆ బిందె ఠంగుమని దించేదాన్ని. నేనంటే ఎలాగో పడ్డాను గానీ మా అత్తగారు పాపం కుళాయి దగ్గరికి వెళ్ళడమే మానేశారు.

ఒకరోజు పొద్దున, "పిల్లకి జలుబుగా ఉంది, ఇవాళ ఇంట్లో ఉంచెయ్" అన్నారావిడ. సరేనని వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే బెల్లం పాకం వాసన. ఎదురింటావిడ గుమ్మంలోంచే కేకేసింది.

"అరిసెలు భలే కుదిరాయండీ! ఇన్నాళ్ళకి చల్లని కబురు విన్నాం."

నడిచింది! నా కూతురు నడిచింది! నేను లేనప్పుడు నడిచిందే అని ఒకపక్క ఏడుపు, నడిచింది కదా అని ఒకపక్క సంతోషం. చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు, లోపలికి పరిగెత్తాను. చాపమీద కూర్చుని, రెండు చేతులతో అరిసె పట్టుకుని చీకుతోంది మా పాప. లేవదీసి నిలబెట్టాను. చతికిలబడింది. మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ అంతే. మా అత్తగారు వంటింట్లో చివరి వాయి అరిసెల్ని చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తుతూ తల ఎత్తలేదు.

"నడిచిందా అత్తయ్యా?"

"అరిసెల మీద అడుగు పెట్టించాను."

"పెట్టించారా, పెట్టిందా?"

"రెక్కలు పట్టుకుని నేనే పెట్టించాను, అయితే ఏం? ముందు పంచేశాం, ఇక అదే నడుస్తుంది. ఎన్నాళ్ళని వీధిలో తల దించుకోమంటావు నన్ను?"

నేను మామూలుగానే నోరున్నదాన్ని. ఆ రోజు ఏమేమన్నానో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలని లేదు. ఆవిడా ఊరుకోలేదు. పాప గుక్కపట్టి ఏడ్చేసరికి ఇద్దరం ఒకేసారి నోరు మూసుకున్నాం.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. నడిచిందని చెప్పిన పిల్లని కూర్చున్న పిల్లగా ఎవరికీ చూపించకూడదు. బాలవాడికి తీసుకెళ్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. ఎవరైనా చూడటానికి వస్తే "ఇప్పుడే పడుకుందండీ" అనేవారు. మా పిల్లంత నిద్రమొహం బెజవాడ మొత్తంలో ఇంకోటి లేదని వీధంతా అనుకుని ఉంటుంది. "కొన్నాళ్ళు ఊరుకో, అదే నడుస్తుంది" అన్నారు మా ఆయన. ఆసుపత్రికి వెళ్దామంటే, "అక్కడ మన వీధివాళ్ళు ఎవరో ఒకరు కనబడరా?" అని అత్తగారు అడ్డం పడ్డారు.

నేను బాలవాడిలో ఎవరి పిల్లలనో ఆడిస్తున్నాను. నా పిల్ల వెనకగదిలో మంచంమీద ఉంది. బల్ల పట్టుకుని లేచే పిల్ల ఇప్పుడు మమ్మల్ని చూడగానే ఎత్తుకోమని చేతులు చాపుతోంది. లేవాలనే చూడటం లేదు. అది చూశాక నాకు అన్నం సయించలేదు. ఇంట్లో ఉంటే బయటికి పోవాలనిపించేది, బయటికొస్తే ఇంటికి పరిగెత్తాలనిపించేది.

ఒక పొద్దున ఇక నా వల్ల కాలేదు. ఆడవాళ్ళందరూ నీళ్ళ దగ్గరున్న వేళ పాపని ఎత్తుకుని తిన్నగా వెళ్ళి కుళాయి గట్టుమీద కూర్చోబెట్టాను.

"మా పాప ఇంకా నడవలేదండీ. అరిసెలు తొందరపడ్డాయి."

ఎవరిదో బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు. మా అత్తగారు గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడ్డారు. ముందుగా నోరు విప్పింది ఎదురింటావిడే.

"ఓస్, ఇంతేనా! మావాడి అరిసెలూ అంతే టీచరుగారూ. మా ఆడపడుచు ఊరెళ్ళిపోయేలోపు పంచాలని పంచేశాం. ఆ తర్వాత ఎప్పటికో గాని నడవలేదు వాడు."

"మా అమ్మాయివీ అంతేనండీ. మా తోడికోడలు కూతురివి పంచారని మా అత్త పోటీ పడింది" అంది ఇంకొకావిడ.

ఇంకా ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. ఒక్కసారిగా నా లెక్కలన్నీ కూలిపోయాయి. ఆవకాయలనీ ఊడ్పులనీ నేను ఎంతో తెలివిగా కట్టిన నెలలు పిల్లల నడకవి కానేకావు, పెద్దవాళ్ళ తొందరవి. వాటి పక్కన నా కూతుర్ని నిలబెట్టి ఇన్నాళ్ళు కుమిలిపోయాను. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను.

ఆ మధ్యాహ్నానికల్లా మా అత్తగారు మునుపటి మనిషైపోయారు. మనవరాలిని చంకనేసుకుని కుళాయి దగ్గర కబుర్లలో పడ్డారు. "చూశావా, అందరి పిల్లలూ ఆలస్యంగానే నడిచారట. నువ్వే ఊరికే హైరానా పడ్డావు" అన్నారు నాతో. మా ఆయన కూడా హాయిగా నిద్రపోయారు. ఇల్లంతా స్థిమితపడింది, నేను తప్ప.

ఎంత సర్దిచెప్పుకున్నా నాకు కుదురు రాలేదు. అరిసెలు అబద్ధమైతే ఇంక దేన్ని నమ్మాలి? ఎవరి పిల్లలతోనూ పోల్చకుండా నా పిల్లనే చూద్దామనుకున్నాను. మర్నాడు స్నానం చేయిస్తూ అత్తగారు అలవాటుగా, "ఈ మొండికాలు ఇవాళా వినడం లేదే" అన్నారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. తడి తుడిచి పాపని చాపమీద పడుకోబెట్టాను. రెండు మోకాళ్ళూ మడిచి మెల్లగా పక్కలకు వాల్చాను. కుడి మోకాలు చాపను తాకింది. ఎడమది సగంలో ఆగిపోయింది. మళ్ళీ చూశాను, మళ్ళీ అక్కడే ఆగింది. కాళ్ళు దగ్గరపెట్టి చూస్తే ఎడంకాలు వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నట్టనిపించింది.

మా అత్తగారు చేతిలో తువ్వాలు పట్టుకుని అలాగే చూస్తున్నారు.

"అయితే ఇది మొండితనం కాదా అమ్మాయ్?" అన్నారు.

ఆ మాట అన్నప్పటి ఆవిడ మొహం నేనింకా మర్చిపోలేదు. రోజూ కాళ్ళమీద వేసుకుని ముద్దుచేసిన కాలు అది.

ఎముకల డాక్టరు దగ్గరికి పాపని ఆవిడే ఎత్తుకుని వచ్చారు. కుళాయి పక్కనుంచి పోతూ, అడక్కముందే, "డాక్టరుకి చూపించడానికి వెళ్తున్నామండీ" అని గట్టిగా చెప్పారు. డాక్టరుగారు ఎక్స్‌రే ఫొటో తీయించి చూసి, అరచేతిలో పిడికిలి పెట్టి చూపించారు. తుంటి ఎముక ఇలా గిన్నెలో కూర్చోవాలి, పుట్టినప్పటినుంచీ పక్కకు జరిగి ఉంది అన్నారు. ఇప్పుడైతే సరిగ్గా కూర్చోబెట్టి కట్టు కట్టొచ్చు, ఇంకొంత కాలం పోతే కోసి సరిచెయ్యాల్సి వచ్చేది, అప్పటికీ కుంటు పోతుందని చెప్పలేమన్నారు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నాకు ఆవిడమీద ఉన్న కోపమంతా అక్కడే ఎటో పోయింది.

నడుమునుంచి కాళ్ళదాకా పిండికట్టు వేశారు. ఈసారి దాచలేదు. ఆ కట్టుతోనే బాలవాడికి మోసుకెళ్ళి మధ్యలో పడుకోబెట్టేదాన్ని. పిల్లలు చుట్టూ చేరి బొగ్గుముక్కలతో దానిమీద సున్నాలు చుట్టేవారు. కట్టు విప్పాక కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. మళ్ళీ బల్ల పట్టుకోవడం దగ్గరనుంచి మొదలుపెట్టింది.

నడిచిన రోజు పెద్ద హడావుడి ఏమీ లేదు. పక్క షెడ్డులో సుత్తిదెబ్బలు మోగుతున్నాయి, నేను ఎవరి ముక్కో తుడుస్తున్నాను. తల తిప్పేసరికి అది బల్ల వదిలేసి, చాపమీది బంతికోసం, కాస్త ఎడమకు ఒరుగుతూ వెళ్తోంది. పిలిస్తే ఎక్కడ కూర్చుండిపోతుందోనని ఊపిరి బిగబట్టాను. కబురు పంపితే అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మనవరాలు మళ్ళీ లేచి నడిచేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. చూసి, కళ్ళు తుడుచుకుని, "అరిసెలు చెయ్యనమ్మా, ఒకసారి చేసింది చాలు" అన్నారు.

ఇప్పటికీ నా కూతురు మెట్లెక్కుతుంటే ఎడంకాలి చప్పుడు కోసం చెవి ఒగ్గుతాను. అది నవ్వుతుంది, నన్ను కోప్పడుతుంది. నా స్వభావం మారలేదు, మారదు.

బాలవాడిలో మాత్రం ఒకటి మారింది. అరిసెలు ఎప్పుడు పంచారని ఆ తర్వాత ఏ తల్లినీ అడగలేదు. మరుసటి ఏడు ఒక చిన్నవయసు తల్లి బిడ్డని చంకనేసుకుని చేర్పించడానికి వచ్చింది. నేను నోరు తెరవకముందే, "నడుస్తుందండీ. అరిసెలు కూడా పంచేశాం" అంది.

"సరే, ఒకసారి కింద దించమ్మా" అన్నాను.

దించలేదు. బిడ్డ కాళ్ళచుట్టూ ఆమె చెయ్యి ఇంకా బిగుసుకుంది. ఆ పట్టు నాకు తెలుసు. దగ్గరికి వెళ్ళి, ఆమెకు మాత్రమే వినబడేలా చెప్పాను.

"దించమ్మా. మేమూ ముందే పంచాం."