రాళ్ళచేనూ, ఉండావా?

హాస్టల్లో ఎవరికైనా దయ్యాల భయం పట్టుకుంటే నా గదికి వచ్చేవాళ్ళు. ఏ కథ చెప్పినా నేను అడ్డు ప్రశ్నలు వేసి దాని పీక నొక్కేసేదాన్ని. ఇప్పటికీ నా బుద్ధి అదే. అందుకే ఇది రాయాలంటే నాకే చిరాగ్గా ఉంది.

మాది కుప్పం వైపు, రామకుప్పం దగ్గర ఒక పల్లె. మదనపల్లెలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా కోర్సులో ఆఖరి ఏడాదంతా ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా పనిచెయ్యాలి. అది పూర్తి చెయ్యకపోతే డిగ్రీ లేదు. నాకు పుంగనూరు దగ్గర టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ పడింది.

అప్రెంటిస్ అంటే అటూ ఇటూ కాని బతుకు. ఫ్యాక్టరీలో నన్ను 'కాలేజీ అమ్మి' అనేవాళ్ళు. కాలేజీకి పోతే నా స్నేహితురాళ్ళు ఎవరి జట్టులో వాళ్ళు కలిసిపోయి, నన్ను చూసి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవాళ్ళు. మధ్యాహ్నం భోజనాల షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్ళు ఒక పక్క, మెషీన్ల దగ్గరి మగవాళ్ళు ఒక పక్క. నేను డబ్బా పట్టుకుని స్టోర్ రూమ్ మెట్ల మీద కూర్చునేదాన్ని.

పుంగనూరులో తీసుకున్న అద్దె గదిలో ఆదివారాలు మరీ ఘోరం. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోయేది. సాయంత్రం కొట్లో పెరుగు పాకెట్ అడగబోతే గొంతు పెగిలేది కాదు. ఒంటరితనం అంటే ఏడుపొస్తుందనుకునేదాన్ని. కానీ ఏమీ రాదు, ఉత్తగా ఉంటుంది.

అసలు విషయానికి ముందు మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా పక్క అడవిలోంచి ఏనుగులు వచ్చి రాగి చేల మీద పడతాయి. పంట ఇంటికొచ్చేదాకా ప్రతి చేనులో ఎవరో ఒకరు మంచె ఎక్కి కాపలా ఉంటారు. ఒకరికొకరు తోడుగా కేకలేసుకుంటారు. ఏ మంచె మీద ఆ రోజు ఎవరున్నారో తెలియదు కాబట్టి చేను పేరు పెట్టి పిలుస్తారు. మాది రాళ్ళచేను. "రాళ్ళచేనూ, ఉండావా?" అని పక్క చేను నుంచి కేక రాగానే మేము "ఉండా!" అనాలి. పలక్కపోతే మళ్ళీ పిలుస్తారు. అప్పటికీ పలక్కపోతే టార్చి తీసుకుని వెళ్ళి చూడాలి. ఎంత పడని మనిషైనా సరే, వెళ్ళాల్సిందే.

మా పక్కది నేరేడుచేను. అది మునెమ్మ పెద్దమ్మది. ఒంటరి మనిషి, ఆమె చేనుకు ఆమే కాపలా. చిన్నప్పుడు నాన్నతో మంచె మీద పడుకుంటే ఆమె కేక వినిపించేది. చివర్న కొంచెం సాగదీసి పిలిచేది. నేను ఫ్యాక్టరీలో చేరకముందే జ్వరమొచ్చి పోయింది. ఆ చేను బీడు పడింది.

ఇక ఆ రోజు. మంచి టమోటా సీజన్. ఇక నా వల్ల కాదని పొద్దున్నే బ్యాగు సర్దిపెట్టి పనికి వెళ్ళాను. డిగ్రీ పోతే పోనీ, సాయంత్రం సూపర్‌వైజర్‌కి చెప్పేసి కుప్పం బస్సెక్కేద్దాం అనుకున్నాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. గుజ్జు ఉడికించే పెద్ద స్టీలు ట్యాంకులో అడుగున రెక్కలు తిరుగుతుంటాయి. అక్కడ కారుతోందని ఫిర్యాదు వస్తే ట్యాంకు ఖాళీ చేసి ఉంచారు. మామూలుగా లోపలికి దిగేవాళ్ళు స్విచ్చు బోర్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. కానీ కరెంటు లేనప్పుడు ఎవరూ వెయ్యరు. "కరెంటే లేదు గదమ్మా, బిరిన్నే సూసొచ్చేయ్" అని మెకానిక్ టీకి వెళ్ళిపోయాడు. సరేనని నేను దిగాను. కొత్తగా పెట్టిన జనరేటర్ కనెక్షన్ ఆ రోజే ఇచ్చారని నాకు తెలియదు.

లోపల రెక్కల మధ్య వంగి, టార్చి వేసి చూస్తున్నాను. అప్పుడు వినపడింది.

"రాళ్ళచేనూ... ఉండావా?"

స్టీలు ట్యాంకులో చిన్న బోల్టు పడినా గంట కొట్టినట్టు మోగుతుంది. ఈ కేక మోగలేదు. ఆరుబయట, చేను అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది. చివర్న కొంచెం సాగింది. నేను ఆలోచించలేదు. అలవాటు కొద్దీ గొంతెత్తి "ఉండా!" అని అరిచాను. నా అరుపుకు మాత్రం ట్యాంకంతా మోగిపోయింది.

మరుక్షణం పైన మూత దగ్గర ఆపరేటర్ రెడ్డెప్పన్న మొహం కనిపించింది. పాలిపోయి ఉంది. "ఎవురమ్మా లోపల? పైకి రా తల్లీ, ముందు పైకి రా!" అని చెయ్యందించి లాగేశాడు.

జనరేటర్ వేశారట. లోపల మనిషి ఉన్నట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. రెక్కలు తిప్పే బటన్ మీద వేలు పెట్టాడు.

"నన్ను పిలిచింది నువ్వేనా అన్నా?" అని అడిగాను.

"నేనేడ పిలిస్తి? బటన్ నొక్కబోతాంటే నువ్వే ఉండా అని అరిస్తివి. దానికే సెయ్యి తీసేస్తి." స్విచ్చు ఆపేసి వచ్చి, "ఎవురూ పిలవకనే యాల అరిస్తివి?" అన్నాడు.

చేను పేరు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. టీ తెచ్చిచ్చి, అది తాగేదాకా నా పక్కనే మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఫ్యాక్టరీలో నా పక్కన ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆ సాయంత్రం బస్సెక్కలేదు. మర్నాటి నుంచి రెడ్డెప్పన్న మెషీన్ వేసే ముందు లోపలికి తొంగిచూసి, "రాళ్ళచేనూ, ఉండావా?" అని కేకెయ్యడం మొదలుపెట్టాడు. మొదట నవ్విన వాళ్ళు ఇప్పుడు వాళ్ళ ఊరి పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నారు. తాళం కూడా వేస్తున్నాం లెండి.

మా లెక్చరర్ అన్నాడు, ప్రమాదం పసిగట్టి మెదడు అలా గుర్తుచేసి ఉంటుందని. నేనైనా అదే అనేదాన్ని. కానీ ప్రమాదం ఉందని నాకు తెలిస్తే కదా! రెడ్డెప్పన్న అడుగుల చప్పుడు కూడా నాకు వినపడలేదు. పుంగనూరులో మా చేను పేరు ఎవరికీ తెలియదు.

సెలవుకు ఊరెళ్ళినప్పుడు మునిమాపు వేళ మంచె ఎక్కి నేరేడుచేను వైపు తిరిగి కేకేశాను. "నేరేడుచేనూ, ఉండావా?" పలకలేదు. మళ్ళీ పిలిచాను. గాలి తప్ప ఏమీ లేదు. టార్చి తీసుకుని దిగాను.

కింద మంట వేస్తున్న నాన్న తలెత్తాడు. "యాడికమ్మా?"

"పలకలా నాయనా. సూసొస్తా."

ఆయన మంటలోకి ఇంకో కట్టె తోశాడు. "సరే, పోయి సూసిరా" అన్నాడు.

మంచె ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. తీగలు అల్లుకున్నాయి. ఎవరూ లేరు, ఉండరని తెలుసు. ఆ రోజు పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుస్తుందన్న ఆశా లేదు. మంచె వైపు తిరిగి, "ఉండా పెద్దమ్మా" అని చెప్పి వచ్చేశాను.