దబ్బనం పోయాడన్న మాట

సోఫాలు, కుర్చీలు కుట్టి బతికే ఆ మనిషికి బడిలో పెట్టిన పేరు దబ్బనం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, నోరు విప్పితే గుచ్చుకునేది. తీరా పెద్దయ్యాక చేతికొచ్చిన పనిముట్టు కూడా అదే. కొందరి విషయంలో పేరు ముందు పుడుతుంది, మనిషి తర్వాత.

పదో తరగతి పరీక్షల ముందు ల్యాబులో మైక్రోస్కోప్ పగిలింది. పగలగొట్టినవాడు క్లాసు లీడరు. దెబ్బలు తిన్నదీ, బడి నుంచి గెంటించుకున్నదీ దబ్బనం. ఆ నిప్పుని ఆరనివ్వకుండా పాతికేళ్లు ఊదుకుంటూ వచ్చాడు. అందుకే నాలుగు రోడ్ల కూడలిలో 'పాతికేళ్ల కలయిక, అందరూ రావాలి' అనే ఫ్లెక్సీ మీద లీడరు నవ్వుమొహం చూడగానే వెళ్లి తీరాలనుకున్నాడు. తినడానికి కాదు, కావిలించుకోవడానికి అంతకన్నా కాదు. వాడు అందరి ముందూ 'నేనే' అనాలి. ఆ ఒక్క ముక్క చాలు.

"వెళ్లి రభస చెయ్యకండి," అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"రభస నాకెందుకు? వాడు చేసింది వాణ్ణే చెప్పమంటాను."

"అదేగా రభసంటే!"

మన భాష మహా పొదుపరిది. బజారుకి పోయినా, లోకం విడిచి పోయినా ఒకే మాటతో సరిపెడుతుంది. కలయికకి నెల ముందు లీడరు దబ్బనం కొట్టుకి ఫోన్ చేస్తే, తీసింది పక్కన పంక్చర్లు వేసే అతను.

"దబ్బనం ఉన్నాడా?"

"పోయాడండీ."

"అయ్యో! ఎప్పుడు?"

"పొద్దున్నే."

సోఫా దింపి వస్తాడని చెప్పేలోపే అవతల ఫోన్ పెట్టేశారు. నిజమైతే బాగుండుననిపించే కబుర్లు కొన్ని ఉంటాయి. వాటిని ఎవరూ ఆరా తియ్యరు.

దబ్బనం హాలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి అందరూ తలలు వంచి నిలబడి ఉన్నారు. వేదిక మీద బల్లపై ఒక ఫొటో. క్లాసు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేసిన తన మొహమే. చెవి పక్కన ఇంకెవరిదో సగం భుజం. మైకు ముందు లీడరు కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"బంగారంలాంటివాడు. ఆ రోజు మైక్రోస్కోప్ పగలగొట్టింది నేనే. దెబ్బలు వాడు తిన్నాడు. ఒక్కసారి క్షమించమందామంటే వాడు లేడు."

"ఉన్నాన్రా," అన్నాడు దబ్బనం గుమ్మంలోంచి. "అడుగు."

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. లీడరు ఫొటో వంకా, గుమ్మం వంకా మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"ఒరేయ్, బతికే ఉన్నావా! పోయావన్నార్రా!"

"సరే, కానీ. క్షమాపణ దాకా వచ్చి ఆగావు."

లీడరు మైకు మీద చెయ్యి మూశాడు. "పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి కదాని ఏదో అన్నాను. అన్నంత మాత్రాన జరిగిపోయినట్టా?"

"అయితే పగలగొట్టింది నేనా?"

"ఎవరైతే ఏంట్రా ఇప్పుడు!"

ముందు వరుసలో సైన్సు మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆనాడు బెత్తం పట్టింది ఆయనే. దబ్బనం అటు తిరిగాడు.

"మాస్టారూ, విన్నారుగా?"

"ఇవాళ కొత్తగా వినేదేముంది? నాకప్పుడే తెలుసు," అన్నారాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. "వాళ్ల నాన్న బడి కమిటీలో ఉండేవాడు. నీకెవరున్నారు? పదండి, భోజనాలు చల్లారిపోతున్నాయి."

హాలంతా హమ్మయ్య అనుకుని కదిలింది. కుర్చీలు జరిగాయి. ఎవరో వీపు తట్టి "పోనీలేరా" అన్నారు.

దబ్బనం ఆ చెయ్యి విదిలించి వేదికెక్కాడు. లీడరు చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"నేను పోయాననే అనుకోండి. వీడన్న మాట మాత్రం ఉండనివ్వండి."

మైకు ఒళ్లో పెట్టుకుని, తన ఫొటో పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లీడరు బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. అతను కదల్లేదు. పళ్లేలు పట్టుకున్నవాళ్లలో ఒక్కరికీ ఆ వైపు చూడకుండా ముద్ద దిగలేదు.