వెలగని పన్నెండు వోల్టులు

మోకాలి ఆపరేషన్ తర్వాత నా భార్యకు వారానికి మూడు రోజులు పంజాగుట్టలో ఫిజియోథెరపీ. కాలు చాపుకునే కూర్చోవాలి. మా పాత పెట్రోల్ కారులో ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే అందుకు చోటుంటుంది, ఆటోలో ఉండదు. ఆ కారేమో ఇల్లు దాటి సగం దారి పోయేసరికి ఆగిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ స్టార్టయ్యేది.

"ఇంకొక్కసారి నడిరోడ్డు మీద ఆగిందంటే నేనిక ఎక్కనండీ. థెరపీ మానేసి ఇంట్లోనే కూర్చుంటా," అంది. అన్నంత పనీ చేసే మనిషి.

నేను వోల్టులు కొలిచే మల్టీమీటరు వాడటం సొంతంగానే నేర్చుకున్నాను. కారు ఎప్పుడు ఆగింది, ఎండ ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకు కదిలింది, అన్నీ నోట్‌బుక్‌లో రాశాను. ఏడుసార్లలో ఆరుసార్లు మధ్యాహ్నమే. ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కాయిల్ వేడికి దెబ్బతింటోందని తేల్చి కొత్తది వేశాను. రెండో రోజే మళ్ళీ ఆగింది. అప్పుడు ఆమె కార్లో లేదు కాబట్టి బతికిపోయాను. ఆగిన చోటే కాయిల్‌కు వచ్చే వైరు ఊడదీసి కొలిచాను. 12.4 వోల్టులు. కరెంటు సరిగ్గానే వస్తోందని రాసుకున్నాను.

ఇంటికెళ్ళి చెబితే, "మీ లెక్క కరెక్టేనండీ. ఆ సంగతి కారుకి చెప్పండి," అంది.

అమీర్‌పేటలో ఓ సందులో కార్ల కరెంటు పని చేసే పెద్దాయన ఉన్నాడు. నా నోట్‌బుక్ రెండు పేజీలు ఓపిగ్గా చూశాడు.

"మస్తు రాసినవ్ సార్. దవాఖానల సుత గింత ఫైలు ఉండది. ఇంజను చాలు చేసి ఉంచు, అదే ఆగుతది."

ఇంజను స్టార్ట్ చేసి వదిలి ఇద్దరం చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఇరవై ఆరు నిమిషాలకు ఆగింది. కాయిల్ వైరు ఊడదీసి నా మీటరే పెట్టమన్నాడు. 12.4. మీటరు తియ్యనివ్వకుండా అదే వైరుకు ఒక పాత హెడ్‌లైటు బల్బు తగిలించాడు. లోపలి తీగ కాస్త ఎర్రబడిందంతే. మీటరు మూడుకు పడిపోయింది.

"చూసినవా? ఉత్తగ అడిగితే పన్నెండంటది. పని చెప్తే మూడే."

మీటరుకు కావలసిన కరెంటు దాదాపు సున్నా. అంత కొంచెం ఎంత పాడైన దారిలోనైనా వచ్చేస్తుంది. నేను కొలిచినప్పుడల్లా ఆ వైరు మీద ఏ బరువూ లేదు. అన్ని పేజీలు రాసి ఈ ఒక్కటి ఆలోచించలేదు.

ఆయన స్టీరింగ్ కింద దూరి కాయిల్‌కు కరెంటు పంపే తాళం స్విచ్చి వెనకాల కనెక్టరు లాగాడు. ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. వేడెక్కితే పట్టు వదులుతోంది, చల్లారితే కలుస్తోంది. పిన్ను మార్చాక బల్బు తెల్లగా వెలిగింది.

"ఇగ మేడమ్‌ను కూసోబెట్టు."

"మూడు రోజులు ఒక్కణ్ణే తిరిగి చూస్తాను, అన్నా."

"నువ్వు చూస్తవని నాకెర్కే," అని నవ్వాడు.

మూడు మధ్యాహ్నాలూ తిరిగాను. ఎక్కడా ఆగలేదు. నాలుగో రోజు ఆమె ఎక్కింది. పంజాగుట్ట దాకా ఆగకుండా వెళ్ళాం. థెరపీ అయ్యాక సీట్లో కూర్చుని, కాలు సర్దుకుని అంది:

"ఎలాగూ ఇంతదూరం వచ్చాం, బంజారా హిల్స్‌లో అక్కావాళ్ళింటికి వెళ్దామా? చూసి చాలా రోజులైంది."

అటు ఎత్తు, ట్రాఫిక్కూ ఎక్కువే. సరేనని బండి అటు తిప్పాను.